పెట్టె ఎన్నిసార్లు సర్దాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారు కరెంటు ఆఫీసులో చేస్తారు. పెళ్లయి పదకొండేళ్లు. ఇన్నేళ్లలో వేములవాడ, తిరుపతి, మేడారం తప్ప ఎక్కడికీ పోలేదు. ఈ సంక్రాంతి సెలవులకు అండమాన్ పోదామని విమానం టికెట్లు తీసుకున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, అరవై ఆరేళ్ల మా అత్తమ్మ. మొత్తం ఆరు రాత్రులు. పోర్ట్ బ్లెయిర్, రాస్, నార్త్ బే, హావ్‌లాక్, నీల్, బారాటాంగ్ అన్నీ చూడాల్సిందేనని మావారు టైంటేబుల్ రాశారు. "మళ్ల ఎప్పుడు పోతమో, పోయినప్పుడే అన్నీ చూసి రావాలె" అంటారు. నాకేమో ఒక్కచోట నాలుగు రోజులు ఉండి రావాలని ఉంది. పాపకు ములుగు బస్సెక్కినా వాంతులే. నేను వద్దంటే వినరని అత్తమ్మ మోకాళ్ల నొప్పులు అడ్డం పెట్టాను. ఆమె విని "నా కోసం మీరెందుకు ఆగుడు, నేను రాను, మీరు పోయి రాండ్రి" అన్నది. ఆమె ఇంతవరకు సముద్రం చూడలేదు. మావారు నాలుగు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఏం చెయ్యమంటారు?
- ఒక సోదరి

జవాబు: మీరు పంపిన టైంటేబుల్ ఫొటో చూశాను. స్కేలు పెట్టి గీసిన గళ్లు, ప్రతి గడి పక్కన టిక్కు పెట్టుకోవడానికి చిన్న డబ్బా. మీవారు దాని మీద ఎన్ని రాత్రులు కూర్చున్నారో గానీ, నాకైతే ముచ్చటేసింది. రెండో రోజు గడిలో "సాయంత్రం 6:30, రాధానగర్ బీచ్, సూర్యాస్తమయం" అని ఉంది. జనవరిలో అక్కడ అయిదున్నర లోపే పొద్దు గూకుతుంది. గడియారం మనదే, కానీ ఆ ద్వీపాలు మనకు బాగా తూర్పున ఉన్నాయి. మీవారు రాసిన టైముకు వెళ్తే మీ నలుగురూ చీకట్లో నిలబడి అలల చప్పుడు వినాల్సిందే. ఈ గడి ఆయనకు చూపించండి. "చూశారా, తప్పు రాశారు" అని కాదు. "మనకు రోజు అయిదింటికే అయిపోతుందట, ఇప్పుడెట్లా చేద్దాం" అని అడగండి. లెక్కలు వేసే మనిషి లెక్క మారితే వింటాడు.

కానీ ద్వీపాల కన్నా ముందు అత్తమ్మ సంగతి. మీ మీద నాకు కొంచెం కోపం వచ్చింది ఇక్కడే. తిరగలేననుకున్నది మీరు, పేరు వాడుకున్నది ఆమె మోకాళ్లది. ఈ ఇంట్లో నేనొక బరువైపోయాను అనిపించి ఆమె వెనక్కి తగ్గింది. కొడుకు మీతో ముభావంగా ఉండటానికి కారణం నీల్ ద్వీపం అనుకోను, అమ్మ రానన్నదనే అయి ఉంటుంది. కాబట్టి ముందు ఆమె దగ్గర కూర్చుని నిజం చెప్పండి. "అత్తమ్మా, అంత తిరుగుడు నాకే చేతకాదు, చెప్పడానికి మొహమాటపడి మీ పేరు చెప్పిన" అంటే చాలు. మీరు భయపడుతున్నంత కష్టం కాదు, ఆమె నవ్వేసినా నవ్వేస్తుంది.

ఇక అసలు తగాదా. మీ ఉత్తరంలో నేను ఇక్కడ అచ్చువేయని భాగం ఒకటుంది. తిరుపతి పోయినప్పుడు మూడు గదులు మారారని, ప్రతిసారీ తడి బట్టలు కవర్లో కుక్కి, పాప మందులు, అత్తమ్మ మందులు వేరు వేరుగా పెట్టి, చివరికి మీ దువ్వెన ఎక్కడో వదిలేసి వచ్చారని రాశారు. మీవారు ద్వీపాలు లెక్కపెడుతుంటే మీకు పెట్టెలు కనిపిస్తున్నాయి. ఆ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా? "నాకు ఒక్కచోటే ఉండాలని ఉంది" అంటే ఆయనకు బద్ధకంలా వినిపిస్తుంది. "నాలుగుసార్లు సర్దడం నా వల్ల కాదు" అంటే అది పని. కరెంటు ఆఫీసు మనిషికి పని భాష తెలుస్తుంది.

అక్కడ ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి మారడం అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. చాలా హోటళ్లలో పొద్దున్నే గది ఖాళీ చెయ్యాలి. అందుకని రాత్రే సర్దాలి, ఆరని బట్టలతో సహా. ఆధార్ కార్డులు చేతిలో పట్టుకుని గంట ముందే జెట్టీకి చేరాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు పడవను బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు, హావ్‌లాక్ నుంచి నీల్‌కు దాదాపు గంట. దిగాక బండి మాట్లాడుకోవాలి, కొత్త హోటల్లో గది ఇచ్చేదాకా కూర్చోవాలి. మధ్యాహ్నం అన్నం తినేసరికి మీకు మిగిలేది మూడు గంటల వెలుతురు. ప్రైవేటు పడవ టికెట్టు ఒక్కో ప్రయాణానికి మనిషికి వెయ్యి పైనే, మీరు నలుగురు.

అందుకే మీ ఇద్దరి మధ్య ఉండాల్సిన గీత "ఎన్ని ద్వీపాలు" అన్న దగ్గర కాదు, "ఎన్ని చోట్ల పడుకోవాలి" అన్న దగ్గర గీయమంటాను. రాస్ ద్వీపం పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో పది పదిహేను నిమిషాలు. బ్రిటిష్ వాళ్ల పాత కట్టడాలను చెట్ల వేళ్లు చుట్టేసి ఉంటాయి, జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, పాపకు నచ్చుతుంది. చూసి మధ్యాహ్నానికి అదే గదికి వచ్చేస్తారు. అది మీవారి లెక్కలో ఒక ద్వీపం, మీ లెక్కలో సున్నా పెట్టెలు. ఇద్దరికీ లాభమే.

బారాటాంగ్ మాత్రం కొట్టేయించండి. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి బయల్దేరి, జారవా ఆదివాసుల అడవిలోంచి పోలీసు కాపలాతో కాన్వాయ్‌లో పోవాలి. తర్వాత పడవలు, ఆ తర్వాత సున్నపురాయి గుహల దాకా నడక. మోకాళ్ల నొప్పులున్న మనిషికీ, వాంతులు చేసుకునే పిల్లకూ అది తగదు. వాళ్ల అడవిలోకి మనం పొద్దున్నే బండ్లేసుకుని పోవడం నాకు ఎటూ నచ్చదు, అది వేరే సంగతి.

నీల్ దగ్గర మాత్రం మీవారి మాటలో కొంత న్యాయం ఉంది. హావ్‌లాక్ నుంచి తిరిగొచ్చేటప్పుడు నీల్ మీదుగా రావచ్చు, అదనంగా అయ్యేది ఒక్క పడవే. అయినా నా ఓటు వద్దనే. మేము పోయినప్పుడు గాలి ఎక్కువైందని నీల్ నుంచి మా పడవ ఆపేశారు. మర్నాడే విమానం. ఆ రాత్రంతా నేనూ మావారూ తప్పు నీదంటే నీదని అనుకుంటూ కూర్చున్నాం. ఆ ద్వీపం ఎంత బాగుంటుందో అందరూ చెబుతారు, నాకు మాత్రం ఆ పోట్లాటే గుర్తు. మీరు ఏది మానుకున్నా సరే, చివరి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. సముద్రం బాగా లేకపోతే పడవలు ఆగిపోతాయి, విమానం మనకోసం ఆగదు. మొదటి రాత్రి అక్కడే, తర్వాత మూడు రాత్రులు హావ్‌లాక్, మళ్లీ రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్. సెల్యులార్ జైలు, రాస్ ఈ చివరి రెండు రోజుల్లో అయిపోతాయి.

ఒక చిన్న జాగ్రత్త. హావ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు కనిపిస్తే కంగారు పడకండి.

పాప కోసం డాక్టర్‌ని అడిగి వాంతుల మాత్ర ముందే తెచ్చిపెట్టుకోండి. పొద్దున రెండు ఇడ్లీలకు మించి పెట్టొద్దు, పడవ మధ్యలో సీటు అడగండి, ఊపు అక్కడ తక్కువ. లక్నవరంలో బోటెక్కించి అలవాటు చేద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. చెరువుకూ సముద్రానికీ పోలికే లేదు.

"మళ్ల ఎప్పుడు పోతమో" అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పదకొండేళ్లకు ఒకసారి బయటికి పోతున్న మనిషి భయం అది. మన ఇంటికి చుట్టాలొస్తే మనం చేసేదీ అదే. పొద్దున భద్రకాళి, వేయి స్తంభాల గుడి, ఖిలా, మధ్యాహ్నం రామప్ప, సాయంత్రం లక్నవరం. రాత్రికి పాపం వాళ్లు కాళ్లు పట్టుకుని కూర్చుంటారు, మనం మాత్రం అన్నీ చూపించామని సంబరపడతాం. ఆయనతో "వచ్చే ఏడు సెలవుల్లో ఎక్కడికి పోదాం" అని ఇప్పుడే మాట ఎత్తండి. దగ్గరిదైనా సరే, ఊరి పేరు, నెల అనుకుని ఆ టైంటేబుల్ కాగితం వెనకే రాసి పెట్టండి. అప్పటికీ నీల్ కావాలని పట్టుబడితే ఒప్పుకోండి, హావ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గించి. షరతు ఒక్కటే: ఆ ద్వీపానికి పెట్టె సర్దేది, తడి బట్టలు మడిచేది, అమ్మ మందులు చూసుకునేది ఆయనే.

అత్తమ్మ టికెట్ మాత్రం క్యాన్సిల్ కానివ్వకండి. రేపు పొద్దున చాయ్ తాగేటప్పుడు ఆ కాగితం ఆమె చేతికిచ్చి, పాపతో చదివించి, "మీకు ఏది చూడాలని ఉంది" అని ఆమెనే అడగండి. ఇంతవరకు ఆమెను ఎవరూ ఆ మాట అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు.