స్నేహితుడి కారులో టూరు, ఘాట్‌లో పోయిన టైరు: ఎవరెంత పెట్టుకోవాలి?

ప్రశ్న ఇదీ. శ్రీకాకుళం నుంచి నలుగురు స్నేహితులు ఒకరి కారులో అరకు వెళ్లారు. తిరుగు దారిలో అనంతగిరి ఘాట్‌లో ఎదురొచ్చిన బస్సుకి సైడిస్తుంటే ముందు టైరు అంచు రాయికి ఒరుసుకుని పక్క నుంచి చీలిపోయింది. డిక్కీలో స్టెప్నీ ఉంది, అందులో గాలి లేదు. ఎస్.కోట దాకా టోయింగ్‌కి 3,000, కొత్త టైరుకి 5,600 అయ్యాయి. మొత్తం నాలుగు వాటాలు వేద్దామని ఓనరు అంటున్నాడు. "కారు నీది కదేటి మావా, కొత్త టైరూ నీకే ఉంటాది, మాకేటి సంబంధం?" అని ఒకడు అడ్డం తిరిగాడు. ఎవరిది న్యాయం?

ఇద్దరి లెక్కా తప్పే. ప్రయాణం వల్ల వచ్చిన ఖర్చు నలుగురిదీ. బయల్దేరక ముందే కారులో ఉన్న లోపం ఓనరుది. ఏ ఖర్చయినా ముందు ఈ రెండు ముక్కలుగా విడగొట్టి, తర్వాతే భాగించాలి.

ముందు టైరు సంగతి. నేలకి ఆనే భాగంలో మేకు దిగితే ట్యూబ్‌లెస్‌కి ప్లగ్ వేస్తారు, నూటయాభైలో తేలిపోతుంది. సైడ్ కట్‌కి ఆ దారి లేదు. చక్రం తిరిగిన ప్రతిసారీ వంగే భాగం అది. లోపలి దారాలు తెగాక ఏ అతుకూ నిలవదు. ప్యాచ్ వేసిస్తామని ఎవరన్నా ఆ టైరుతో హైవే ఎక్కకండి. కొత్తది కొనక తప్పదు, నిజమే. కానీ పోయింది వాడిన టైరు, ఆ వాడకం ఓనరుది. అందుకే మిగిలిన ఆయుష్షు వరకే పంచాలి.

ఆ ఆయుష్షు కొలవడం తేలిక. కొత్త కారు టైరులో గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. 1.6కి వస్తే మార్చేయాలి. గాడుల మధ్య చిన్న దిమ్మెలు కనిపిస్తాయి చూడండి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే దాని పని అయిపోయినట్టే. అంటే వాడుకోగలిగేది 6.4 మిల్లీమీటర్లు. మీ టైరులో ఇంకా 4.8 లోతు ఉందనుకుందాం. 1.6 తీసేస్తే 3.2, సరిగ్గా సగం. 5,600లో సగం 2,800, అది నలుగురి మీద పడితే తలా 700. మిగతా 2,800 ఓనరే పెట్టుకోవాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ కూడా చూడండి. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. అంత పాత రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, గాడి లోతుందని దానికి విలువ కట్టకూడదు. జతగా రెండో ముందు టైరు కూడా మార్చమని షాపువాళ్లు చెబుతారు, అది మంచి సలహానే. ఆ రెండోదాని ఖర్చు మాత్రం స్నేహితుల మీద వెయ్యకూడదు.

టోయింగ్ 3,000 పూర్తిగా ఓనరుదే, ఇందులో బేరం లేదు. స్టెప్నీలో గాలి ఉంటే చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి, నట్లు నేల మీదే వదులు చేసి, జాకీ ఎత్తి అరగంటలో మార్చుకుని కిందికి దిగిపోయేవారు. స్టెప్నీ గాలి ఎవరూ చూడరు, అదే మన రోగం. వాడకపోయినా దానిలోంచి మెల్లగా గాలి దిగుతూనే ఉంటుంది. నెలకోసారి చూడాలి, మామూలు కంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువే పట్టించాలి. స్టెప్నీ బాగుండి ఒకేసారి రెండు టైర్లు పోయి ఉంటే టోయింగ్ కూడా నలుగురికీ వచ్చేది.

స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందన్నది మరో మాట. బస్సుకి దారివ్వడం తప్పు కాదు, ఆ నష్టం అందరిదీ. మలుపులో ఓవర్‌టేక్ చేయబోయి రాయెక్కిస్తే నడిపినవాడిదే. క్లచ్ విషయంలోనే ఎక్కువ గొడవలొస్తాయి. ఎక్కుడులో బండ్లు బారులు తీరినప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం నొక్కిపెట్టి, బండి నిలబెడితే క్లచ్ ప్లేటు మాడిపోతుంది. కాలిన వాసన వస్తుంది, ఇంజను మోత పెరుగుతుంది గానీ బండి లాగదు. అక్కడే ఆపి చల్లారనివ్వాలి. అయితే మంచి ప్లేటు ఒక్క ఘాట్‌తో పోదు. అప్పటికే చాలా వేల కిలోమీటర్లు తిరిగిన ప్లేటయితే అది ఓనరు ఖర్చు.

"ఇన్సూరెన్సు ఉంది కదా" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మామూలు ప్యాకేజీ పాలసీలో బండికి దెబ్బ తగలకుండా టైరు ఒక్కటే పోతే క్లెయిమ్ లేదు. బంపరు పగిలి 6,000 అయిందనుకోండి. ప్లాస్టిక్‌కి సగం తరుగు పోను 3,000. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరి కోత 1,000. చేతికొచ్చేది 2,000. క్లెయిమ్ చేసినందుకు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనివాళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. సొంత డ్యామేజీ (మన బండి నష్టానికి కట్టే) ప్రీమియం బోనస్ తీసేయక ముందు 8,000 ఉండి, రావాల్సిన బోనస్ 35 శాతమైతే మరుసటి ఏడాది 2,800 ఎక్కువ కట్టాలి. ఆ భారం ఓనరు ఒక్కడే ఎందుకు మోయాలి?

పెట్రోలు దగ్గర మాత్రం నేను ఓనరు పక్షం. ఆయిలు, సర్వీసు, బ్రేక్ ప్యాడ్లు, టైర్ల అరుగుదల అన్నీ వాడివే. అలాంటివాడి దగ్గర పెట్రోలు వాటా అడగడం ఏం బాగుంటుంది? పెట్రోలు, టోలు మిగతా ముగ్గురూ వేసుకోండి. బయల్దేరేటప్పుడు ట్యాంకు ఫుల్ చేయించండి, తిరిగొచ్చాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించండి. ఆ రెండో బిల్లూ, దారిలో పోయించినదీ కలిపితే అసలు ఖర్చు. ఓనరు మాత్రం కిలోమీటరుకి ఇంతని కిరాయి తీసుకోకూడదు. సొంత కారు పాలసీ కిరాయికి తిప్పిన బండికి వర్తించదు, ప్రమాదం జరిగితే కంపెనీ చేతులెత్తేయొచ్చు.

ఈసారి వెళ్లేముందు తలా వెయ్యి ఒకరి దగ్గర పెట్టండి. నాలుగు టైర్లు, స్టెప్నీ, మీటరు రీడింగు ఫొటోలు తీసి గ్రూపులో పడేయండి. మిగిలిన డబ్బు ఇంటికొచ్చిన రోజే పంచేయకండి, చలానాలు ఆలస్యంగా ఓనరు పేరు మీద వస్తాయి. స్పీడు చలానా ఆ టైములో నడిపినవాడిది, సీటు బెల్టుది పెట్టుకోనివాడిది, పొల్యూషన్ సర్టిఫికెట్ లేనందుకు పడితే ఓనరుది.