గడ్డి లెక్క ముందు తేల్చుకో, తల్లీ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం వదిలేసి, గడ్డి నుంచి, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తీసే కర్మాగారం పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. విన్న క్షణంలో గర్వంగా అనిపించింది. నా బతుకంతా గడిచిన రంగంలోకి మన ఇంటి పిల్ల వస్తోందంటే అనిపించదా మరి! రాత్రయ్యేసరికి దిగులు పట్టుకుంది. యంత్రం చెడి మూతపడిన కర్మాగారాల కంటే, ముడిసరుకు అందక మూతపడినవే నేను ఎక్కువగా చూశాను.

అనుమతులు, బీమా, భాగస్వాములతో రాతకోతలు నీకు తెలియనివి కావు. ఇథనాల్ కొనేవాడితో ఒప్పందం కుదరనిదే యంత్రాలకు అడ్వాన్సు ఇవ్వకు. వాటి సంగతి ఇంతటితో సరి.

నువ్వు పంపిన కాగితాల్లో ‘వృథాగా పోతున్న గడ్డి’ అని ఒక పద్దు ఉంది. దాని ఎదురుగా ధర సున్నా అని రాశావు. అది చూసి కోపం వచ్చింది. ఇంత చదువుకుని ఇలా ఎలా రాశావమ్మా? ఆ గడ్డి మీద పశువులకు హక్కుంది, నేలకూ హక్కుంది. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 14 నుంచి 20 కిలోల పొటాష్ ఉంటాయి. లారీకి ఎత్తిన ప్రతిసారీ అవి పొలం దాటిపోతాయి, రైతు మళ్లీ ఎరువుగా కొనుక్కోవాలి. కర్మాగారం బాయిలర్‌లో మండించిన గడ్డి బూడిదను పొలానికి తిరిగి పంపితే పొటాష్ కొంత చేరుతుంది కానీ, కాలిన గడ్డిలోని నత్రజని పొగలోనే పోతుంది. నేలకు సారమిచ్చే సేంద్రియ కర్బనం తగ్గిపోయే మాట సరేసరి. గడ్డిని తగలబెట్టే చోట నువ్వు కొనడం మేలే, కాదనను. అక్కడ కూడా ఎంత తీయవచ్చో, ఎంత వదలాలో భూసార పరీక్ష చేయించాకే నిర్ణయించు. ఇంకొక మాట. ఈ రోజు ఎవరూ అడగని గడ్డికి, నీ కర్మాగారం గేటు తెరిచిన మర్నాటి నుంచి గిరాకీ వస్తుంది. ధర పెంచేది నువ్వే.

జట్రోఫా కథ నీకు ఎవరైనా చెప్పారో లేదో. అడవి ఆముదం అంటారే, అదే. నువ్వు పలక పట్టే వయసులో ప్రపంచమంతా దాని వెంట పరుగెత్తింది. నీళ్లు అక్కర్లేదు, బంజరులో బతుకుతుంది, తిండి పంటలకు అడ్డురాదు, గింజ నుంచి డీజిల్ వస్తుంది అన్నారు. భారత ప్రణాళికా సంఘం కమిటీ 2003లో బయోడీజిల్‌కు దాన్నే ముందుకు తెచ్చి, 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. టాంజానియాలో, మొజాంబిక్‌లో వేల ఎకరాల తోటలు వేశారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఒక్క మేలైన వంగడం కూడా సిద్ధం కాని అడవి మొక్కను నమ్ముకుని ఇదంతా!

ఆ రోజుల్లో తోటలు చూడటానికి నేనూ తిరిగాను. చెట్లు పచ్చగానే ఉండేవి. నీళ్లు లేకుండా బతకడం నిజమే, కానీ నీళ్లు లేకుండా కాయలేదు. హెక్టారుకు 5 టన్నుల గింజ అని కాగితాల్లో రాసుకున్నారు, చాలా తోటల్లో అందులో సగం కూడా రాలేదు. ఒక గుత్తిని చేతిలోకి తీసుకుని చూశాను. అందులోనే పచ్చి కాయ, పసుపు కాయ, ఎండి నల్లబడిన కాయ. అన్నీ ఒక్కసారి పండవు కాబట్టి యంత్రం పెట్టి కోయలేరు, కూలీలు అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. కాయ కోసిన కూలి గింజ అమ్మితే గిట్టలేదు. నూనె తీసిన పిండిని పశువులకు పెడదామంటే అందులో ఫోర్బాల్ ఎస్టర్లనే విషం. మంచి దిగుబడి కావాలంటే మంచి నేల, నీళ్లు, ఎరువు ఇవ్వాలి. అవి ఇచ్చే రైతు తిండి గింజలే పండించుకుంటాడు కదా! నాలుగేళ్లు ఆగి చెట్లు పీకేసుకున్న వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. గింజ కొంటామని మాట ఇచ్చిన కంపెనీలు అప్పటికి అక్కడ లేవు. అందుకే చెబుతున్నాను, నీ మాట నమ్మి ఎవరూ పంట మార్చుకోకుండా చూడు. మార్చుకోమని నువ్వే అడిగితే, ధరా, కొనుగోలూ నీ సంతకంతో రాసివ్వు.

ఇక గడ్డి నిల్వ చేసే యార్డు. గడ్డి కోతల కాలంలో కొద్ది వారాలే వస్తుంది, కర్మాగారం ఏడాదంతా నడవాలి. విడి గడ్డి ఘనమీటరుకు 50 కిలోలు తూగడమే కష్టం, నొక్కి బేలుగా, అంటే మోపుగా కడితే 150 దాకా రావచ్చు. అంటే నువ్వు మోయించేది సగానికి పైగా గాలే. చాలా దూరం నుంచి తెప్పిస్తే లారీ డీజిలే నీ లాభాన్ని తాగేస్తుంది, నువ్వు ఆదా చేశానని చెప్పుకునే కర్బనాన్ని కూడా. తేమ 15 శాతం దాటిన బేళ్లను వాములోకి రానివ్వకు. కట్టిన మొదటి ఆరు వారాలూ ఇనుప గొట్టంలో థర్మామీటర్ దించి లోపలి వేడి చూడాలి. 65 డిగ్రీలు దాటితే ప్రమాదం. గొట్టం పైకి తీయగానే కమిలిన పొగాకు వాసన వస్తే, ఒంటరిగా బేళ్లు లాగవద్దని మనుషులకు చెప్పు. లోపల రాజుకుంటున్న దానికి గాలి తగలగానే భగ్గుమంటుంది. ఆ వాము మీదకు నువ్వు మాత్రం ఎక్కకు. ఎవరినీ ఎక్కనివ్వకు.

రెండో దశలో బయోప్లాస్టిక్ కూడా అన్నావట. పాలీలాక్టిక్ ఆమ్లం అనే బయోప్లాస్టిక్‌తో చేసిన కవరు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కేంద్రంలో కుళ్లిపోతుంది కానీ, కాలవలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కొనేవాళ్లకు ఆ సంగతి దాచకు.

పెద్ద డబ్బు ఉంటే చాలనుకోకు. మొక్కజొన్న చొప్ప నుంచి ఏటా 3 కోట్ల గాలన్ల ఇథనాల్ తీయాలని అమెరికా రసాయన కంపెనీ డ్యూపాంట్ అక్కడి అయోవా రాష్ట్రంలో 2015లో కర్మాగారం తెరిచింది. 2017లోనే దాన్ని అమ్మకానికి పెట్టింది. నువ్వు చిన్నదిగా మొదలుపెట్టు. మట్టి అంటిన గడ్డినీ, అందులోని ఇసుకలాంటి సిలికానూ నీ యంత్రం కత్తులు ఎన్నాళ్లు తట్టుకుంటాయో రెండు కోతల కాలాలు చూడు.

కోప్పడ్డానని చిన్నబోకు. చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని చిమ్నీ పొగ ఎక్కడికి పోతుందని అడిగినదానివి నువ్వే. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు నువ్వే చెబుతావని నా ఆశ. నేలకు వదిలేదీ, పశువులకు పోయేదీ, వానకు తడిసి పాడయ్యేదీ తీసేసి, సున్నా బదులు అసలు ధర వేసి ఆ కాగితం మళ్లీ పంపు. నీకోసం కొంత సొమ్ము పక్కన పెట్టాను. లెక్క చూశాకే ఇస్తాను.

ప్రేమతో,
మీ పెదనాన్న