కుండీలో అరటికి చికాగో చలికాలం: కోసి బేస్‌మెంట్‌లో పెట్టాలా, హాల్లోనే ఉంచాలా?

చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటున్నాం, కుండీలో డ్వార్ఫ్ కావెండిష్ అనే పొట్టి రకం అరటి ఐదడుగులు పెరిగింది, అక్టోబర్‌లో లోపలికి తెచ్చిన దగ్గర్నుంచి ఆకుల అంచులు ఎండిపోతున్నాయి, రోజూ నీళ్ళు పోస్తున్నా కోలుకోవట్లేదు, ఏం చెయ్యాలి అని అడిగారు కదండీ. ముందు ఆ రోజూ నీళ్ళు పోయడం ఇవాళే ఆపెయ్యండి, మిగతాది తర్వాత నింపాదిగా చదవండి.

మేం ఉండేది కూడా చికాగో దగ్గరే, షాంబర్గ్ వైపు, 2017 నుంచి కుండీల్లో అరటి పెంచుతున్నా. పుట్టి పెరిగింది రావులపాలెం పక్కన పల్లెటూళ్ళో, అరటి తోటల మధ్యలోనే, అందుకని నాకు తెలీని అరటా అనుకున్నా మొదట్లో. కానీ అక్కడ అరటికి గాలివానంటే భయం గానీ చలంటే ఏంటో తెలీదు, ఇక్కడ లెక్క మొత్తం వేరు, నేను అన్నీ మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాల్సొచ్చింది.

మొదటి మొక్కని 2018 నవంబర్‌లో ఇంటిని ఆనుకునున్న గ్యారేజ్‌లో పెట్టి, పాత దుప్పటి చుట్టి వదిలేశా. ఆ జనవరి మీకు గుర్తుండే ఉంటుంది, 30వ తారీఖున చికాగో ఓహేర్ ఎయిర్‌పోర్ట్‌లో మైనస్ 23 ఫారెన్‌హీట్ పడింది. వారం తర్వాత దుప్పటి తీసి చూస్తే బోదె పచ్చగానే ఉంది, బతికిపోయింది అనుకుని సంతోషపడ్డా. మార్చిలో కాస్త వెచ్చబడగానే బోదె మొత్తం నీరుకారిపోయి మెత్తబడి ఒక్కసారిగా వాలిపోయింది, దుంపలో వేలు పెడితే దిగిపోయింది, ఒకటే కుళ్ళు వాసన. గడ్డకట్టిన దుంప వెంటనే బయటపడదండీ, మంచు కరిగాకే తెలుస్తుంది. అంతకుముందు వేసవిలో అమ్మ వచ్చినప్పుడు ఆ మొక్క ఆకు కోసి అందులోనే భోజనం పెట్టుకుని తిన్నది, ఇంత దూరంలో అరటాకులో అన్నం తిన్నానురా అని ఊరెళ్ళాక కూడా అందరికీ చెప్పుకుంది. ఆ మొక్క పోయిందని ఆమెకి చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

తర్వాతి ఏడాది గ్యారేజ్ వద్దని బేస్‌మెంట్‌లో పెట్టా, ఈసారి చలి కాదు, నీళ్ళు ఎక్కువై కుళ్ళింది. ఆ రెండు మొక్కల వల్ల నాకు అర్థమైంది ఒకటే, మనం కాపాడాల్సింది ఆకుల్ని కాదు దుంపని. ఆకులు ఎన్ని పోయినా మళ్ళీ వస్తాయి. బోదె అంటే డొప్ప మీద డొప్ప చుట్టుకున్న ఆకుల కట్టే కదా, పెరిగే మొన కింద దుంపలో ఉంటుంది. మన ఊళ్ళల్లో అరటిని అడ్డంగా నరికితే తెల్లారేసరికి మధ్యలోంచి మొవ్వు పైకి తోసుకు రావడం చూసే ఉంటారు, అదీ దాని బలం. అంత మొండిది కూడా చల్లటి తడి మట్టిలో మాత్రం తట్టుకోలేదు. ఎండ వెచ్చదనం లేకపోతే వేరు నీళ్ళు తాగదు, మనం పోసింది అక్కడే నిలిచి దుంపని కుళ్ళబెడుతుంది.

ఇప్పుడు మీ మొక్క సంగతి. అంచులు ఎండటానికి ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ వేడిగాలి ఒక కారణం, తడి ఎక్కువై వేరు దెబ్బతినడం ఇంకో కారణం, మూడోది ఎర్రనల్లి, ఇక్కడ స్పైడర్ మైట్స్ అంటారే అవి, పొడిగాలిలో బాగా పెరుగుతాయి. ఆకు కింద తెల్ల కాగితం పట్టుకుని నాలుగు సార్లు తట్టండి, పడిన నలుసులు కదులుతుంటే అవే. ఉంటే కుండీ మట్టికి ప్లాస్టిక్ కవరు కట్టేసి మొక్కని బాత్రూమ్‌లో షవర్ కింద పెట్టి ఆకుల అడుగుభాగం వేళ్ళతో రుద్ది కడగండి, నాలుగైదు రోజులకోసారి చొప్పున మూడుసార్లయినా, ఎందుకంటే గుడ్లు ఒక్క కడుగుడికి పోవు. మందు కొట్టాలంటే ఇన్సెక్టిసైడల్ సోప్ చాలు.

ఇక కొయ్యాలా ఉంచాలా అంటే, మీ హాల్లో దక్షిణం వైపు కిటికీ ఉండి, పైన రోజుకి 12 గంటలు గ్రో లైట్, అంటే మొక్కలకి ఎండకి బదులు వేసే దీపం, వెయ్యగలిగితే ఉంచండి, పైన రెండంగుళాల మట్టి పూర్తిగా ఆరాకే నీళ్ళు, ఎరువు అసలు వద్దు. అంత వెలుగు లేకపోతే హాల్లో ఉంచొద్దు. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగున్నరకల్లా చీకటి, గదిలోనేమో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, ఆ వేడికి మొక్క మేలుకునే ఉంటుంది కానీ తినడానికి ఎండ ఉండదు, దుంపలో దాచుకున్నది ఖర్చుపెట్టి పాలిపోయిన సన్నటి ఆకులు వేసి వేసి ఫిబ్రవరికి నీరసించిపోతుంది. చాలామంది ఇళ్ళల్లో జరిగేది ఇదే. పూర్తిగా మేలుకునుండాలి, లేదా పూర్తిగా పడుకోవాలి, మధ్యలో ఉంచితేనే ప్రమాదం.

పడుకోబెట్టాలంటే నేను చేసేది చెప్తా. కుండీకి పది పన్నెండు రోజులు నీళ్ళు ఆపి మట్టి బాగా ఆరనిస్తా. మధ్య మొవ్వు ఒక్కటి ఉంచి మిగతా ఆకులన్నీ కాడతో సహా కోసేస్తా, బోదెని మాత్రం ముట్టుకోను, అందులో దాచుకున్న తిండి ఉంటుంది, పైగా లోపల పువ్వు కట్టి ఉంటే బోదె నరికితే గెల పోయినట్టే. తర్వాత బేస్‌మెంట్‌లో ఫర్నేస్‌కి దూరంగా, 50 నుంచి 55 డిగ్రీలుండే మూల చూసి పెడతా, 50 కంటే కిందకి పోతే కావెండిష్‌కి మంచిది కాదు. కుండీని సిమెంట్ నేల మీద నేరుగా పెట్టకండి, అడుగున చెక్కో థర్మోకోలో వెయ్యండి, నేల చలి కుండీలోకి లాగేస్తుంది. నీళ్ళు నాలుగైదు వారాలకోసారి ఒక చిన్న గ్లాసు, అంతే, అదీ ముందురోజు పట్టి ఉంచినవి, జనవరిలో ఇక్కడ కుళాయి నీళ్ళు ఐసులాగా ఉంటాయి. నెలకోసారి బోదె మొదట్లో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే పైన ఎంత ఎండిపోయినట్టు కనిపించినా భయం లేదు. మెత్తగా ఉంటే దుంప బయటికి తీసి, కుళ్ళిన భాగాన్ని తెల్లటి గట్టి కండ వచ్చేదాకా కోసేసి, రెండు రోజులు గాలికి ఆరనిచ్చి కొత్త పొడి మట్టిలో పెట్టండి, ఒకసారి నాకు అలా కోసిన దుంప నుంచి రెండు పిలకలొచ్చాయి.

ఏప్రిల్‌లో వెలుగులోకి తెచ్చి నీళ్ళు కొంచెం కొంచెంగా పెంచండి. బయటికి మాత్రం మే మధ్య దాటాక, రాత్రి చలి 50 పైన నిలబడ్డాకే. మొదటి వారం పది రోజులు చెట్టు నీడన ఉంచాలి, ఒకేసారి ఎండలో పెడితే ఆకు తెల్లగా మాడిపోతుంది.

గెల వేస్తుందా అని కూడా అడిగారు. వేస్తుంది, కానీ అరటి ముప్పై నలభై ఆకులు వేస్తే గానీ పువ్వు తియ్యదు, మనకున్నది మే నుంచి సెప్టెంబర్ దాకా వేసవి, అందుకని బోదె నరక్కుండా రెండు మూడు వేసవులు దాటించాలి. నా మొక్క మూడో వేసవి చివర్లో పువ్వు తీసింది, అప్పుడు దాన్ని పడుకోబెట్టకుండా లైటు కింద పెట్టా, జనవరిలో వేలంత కాయలు పండాయి. చక్కెరకేళి రుచి రాలేదు గానీ మా పిల్లలు చెట్టున పండిన అరటిపండు తినడం అదే మొదటిసారి.

ఇంకొక్క మాట, కింద కామెంట్లలో ఎవరో ఇండియా నుంచి చక్కెరకేళి పిలక సూట్‌కేసులో తెచ్చుకోమన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి, అనుమతి లేకుండా తేవడం నేరం, దుంపకంటిన మట్టిలో అరటిని ఎండగొట్టి చంపే పనామా తెగులు లాంటివి కూడా వస్తాయి, ఆ తెగులు ఒకసారి భూమిలో చేరితే ఏళ్ళ తరబడి పోదు. ఫ్లోరిడా నర్సరీల్లో మంచి పిలకలు దొరుకుతాయి.

ఈ రాత్రికి మీ బేస్‌మెంట్ మూలలో నేల దగ్గర ఒక థర్మామీటర్ పెట్టి, పొద్దున్నే ఎంతుందో చూసి రాయండి. కుండీ అడుగున రంధ్రాల దగ్గర వాసన వస్తోందేమో కూడా చూడండి, వస్తుంటే ఆకులు కొయ్యడానికి ముందే దుంప బయటికి తియ్యాలి.