బీపీ ఉన్నవాళ్లు చింతచిగురు చికెన్ సూప్ తాగొచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. బీపీకి రోజూ టెల్మిసార్టాన్ వేసుకుంటాను. అప్పుడప్పుడూ ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు వస్తుంటాయి. మా అబ్బాయి ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదివి వచ్చాడు. అక్కడి పుల్లటి చికెన్ సూప్ ‘సినంపలుకన్’ వారానికి రెండుసార్లు చేస్తున్నాడు. పాకెట్ పొడి, చేపల సాస్ వేస్తాడు. నేను తాగవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తాగండి, కానీ ఆ పాకెట్ పొడి మాన్పించండి. మీ బీపీకి పులుపుతో పేచీ లేదు, దాని వెంట వచ్చే ఉప్పుతోనే. అక్కడ పటిస్ అనే చేపల సాస్ ఒక టేబుల్ స్పూనులోనే దాదాపు 1,400 మి.గ్రా. సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 మి.గ్రా. దాటవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పాకెట్ పొడిలో పులుపుతో పాటు ఉప్పు, టేస్టింగ్ సాల్ట్ కలిసే ఉంటాయి. ఆపైన మిరపకాయ చిదిమిన పటిస్ పక్కన పెట్టుకుని నంజుకుంటే ఇక చెప్పేదేముంది!

నిజానికి ఈ సూప్‌కు పొడి అక్కర్లేదు. ఫిలిప్పీన్స్ భాష తగాలోగ్‌లో సంపలోక్ అంటే చింత. దీని అసలు పులుపు లేత చింతాకుదే, అది మీ ఊళ్లో దొరికేదే. చర్మం తీసిన కిలో చికెన్‌ను ఎముకలతోనే తీసుకోండి. చెంచాడు నూనెలో రెండంగుళాల అల్లం, ఉల్లి, వెల్లుల్లి, ఒక టమాటా వేగాక ముక్కలు వేసి, రంగు మారేదాకా తిప్పండి. బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు లీటరున్నర పోసి, తెట్టు తీసేస్తూ సన్నసెగ మీద అరగంట ఉడికించండి. ముల్లంగి, అలసంద కాయలు వేసి అవి మెత్తబడ్డాకే చిగురు వేయాలి. పులుపు ముందే పడితే ఈ ముక్కలు ఎంతకీ ఉడకవు. చిగురు 100 గ్రాములు చాలు. అరచేతుల్లో నలిపి పుల్లలు ఏరేసి, ఐదు నిమిషాలు మరిగించండి. దించేముందు గుప్పెడు తూటికూర వేయండి. చిగురు దొరకని రోజుల్లో నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, సగం రసం పోసి రుచి చూశాకే మిగతాది పోయండి. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదే వాడండి.

పటిస్ అన్నిటికంటే చివర, మొత్తానికి ఒకే టేబుల్ స్పూను. ఐదుగురు పంచుకుంటే మనిషికి 280 మి.గ్రా. సోడియం పడుతుంది. విడిగా ఉప్పు వద్దు. పులుపు ఉన్నచోట కాస్త ఉప్పే నాలుకకు బాగా తెలుస్తుంది. పులుపు మరీ ఎక్కువైతే వేడినీళ్లు కలపండి. చాలామంది ఇక్కడే ఉప్పుతో సరిచేయబోయి తప్పు చేస్తారు.

‘లో సోడియం’ ఉప్పు మాత్రం వేయకండి. అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. టెల్మిసార్టాన్ వాడేవారికి రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. ఏడాదిగా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే పరీక్ష), పొటాషియం పరీక్షలు చేయించకపోతే ఇప్పుడు చేయించండి.

మంట సంగతికొస్తే, సూప్ మధ్యాహ్నం అన్నంతో తీసుకోండి. రాత్రయితే పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించండి. అయినా మంట వస్తే మిరప, టమాటా మానేసి చూడండి. వారానికి రెండుసార్లకు మించి వస్తున్నా, మింగడం కష్టమైనా, మలం నల్లగా వస్తున్నా వైద్యుడిని కలవాలి. నడిచేటప్పుడు ఛాతీ పట్టేసినట్టుండి చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.