గుంట మగ్గాన్ని ఎలా మోసుకెళ్లారు?

తమ్ముడూ,

చీరాల-పేరాల ఉద్యమం మీద నువ్వు పంపిన కవిత మూడుసార్లు చదివాను. ఆవేశం ఉంది, లయ మీద పట్టు ఉంది. అయితే అరవై పంక్తుల్లో భరతమాత ఏడుసార్లు వచ్చింది, మగ్గం ఒక్కసారీ రాలేదు. అది నేతగాళ్ల ఊరు కదా!

ఆ జనం చేసిన పని ఒకసారి తలచుకో. బ్రిటిష్ ప్రభుత్వం చీరాల, పేరాల రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు చేరింది. జనం కట్టేది లేదన్నారు. 1921 ఏప్రిల్‌లో వచ్చిన గాంధీ, ఊరు విడిచిపోవడం కూడా ఒక మార్గమేనన్నారు. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన స్వచ్ఛంద సేవకుల దళం రామదండు ముందు నిలిచారు. సుమారు 15 వేల జనాభాలో అత్యధికులు ఇళ్లు వదిలి, ఊరి బయట పాకలు వేసుకుని, ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. ఒక్క విశేషణం కూడా లేకుండా చెప్పినా ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. నీ కవితలో మాత్రం 'మహోజ్జ్వల', 'వీరోచిత' అన్న మాటలు ఆ పాకలకు అడ్డంగా నిలబడ్డాయి.

గుంట మగ్గం చూశావా? నేసేవాడి కాళ్లు గుంటలో ఉంటాయి. పేక నూలును అటూ ఇటూ నడిపే నాడె, పోగులను సర్దే అచ్చు సంచిలో వేసుకోవచ్చు. సగం నేసిన పడుగును, అంటే నిలువు పోగులను, చుట్టి భుజాన పెట్టుకోవచ్చు. గుంటను ఎలా మోసుకెళ్తారు? పాకలో కొత్త గుంట తవ్వారని రూఢిగా రాయకు, మనకు సాక్ష్యం లేదు. తవ్వారా అని అడుగు. ఖాళీ ఇంట్లో మిగిలిపోయిన పాత గుంటను చూపించు. దేశం అన్న మాట ఎత్తకుండానే దేశం అందులోకి వస్తుంది.

నీ వయసులో నేనూ ఇదే ఉద్యమం మీద దీర్ఘకవిత రాసి ఒక సభలో చదివాను. చప్పట్లు బాగా మోగాయి. సభ ముగిశాక ఒక పెద్దావిడ దగ్గరకు వచ్చి, "అన్ని నెలలు నీళ్లెక్కడ తోడుకున్నారు నాయనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదని ఇంటికి వెళ్లేదాకా బాధపడ్డాను. ఆ కవితను ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

ఇక నీ ముగింపు. విజయభేరి మోగించావు. అది జరగలేదు, తమ్ముడూ. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టారు. చివరకు జనం ఇళ్లకు తిరిగి వచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. ఓడిపోయారని రాస్తే వాళ్లను తక్కువ చేసినట్టవుతుందని భయపడ్డావేమో. 11 నెలల తర్వాత తాళం తీసి, దుమ్ము పట్టిన గడప దాటి లోపలికి వెళ్లిన మనిషి నీ భేరి మోతలో కనిపించకుండా పోయాడు. నాకు ఆ మనిషి కావాలి.

వచ్చే నెల చీరాల వెళ్తానన్నావు. విగ్రహాల దగ్గర ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు. ముందు ఎవరింట్లోనైనా గుంట మగ్గం ఆడుతుంటే అడిగి కాసేపు కూర్చో. ఆ గుంట ఎంత లోతుందో, కాళ్లకు మట్టి చల్లగా తగిలిందో లేదో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య