గ్యాస్ లీకైతే ఊరు ఖాళీ చేయించడానికి వాలంటీర్లకు ముందుగా ఏం నేర్పాలి?

మాది విశాఖ దగ్గర పరవాడ వైపు. ఫ్యాక్టరీ గోడకీ మా వీధికీ మధ్య గెడ్డ (వాగు) ఒక్కటే అడ్డం, అందుకే ఈ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను. హెల్మెట్లు, జాకెట్లు తర్వాత పంచుకోవచ్చు, ముందు గాలి ఎటు వీస్తోందో చూడ్డం నేర్పండి.

ఆ మధ్య మా ఊళ్లో మాక్ డ్రిల్ పెట్టారు. పొద్దున్న పదకొండింటికి సైరన్ మోగుతుందని ముందురోజే మైకులో చెప్పించి, షామియానా వేసి, ఉప్మా కూడా పెట్టారు. తీరా సైరన్ మోగాక సగం ఊరు ఏం జరుగుతుందో చూద్దామని ఫ్యాక్టరీ గేటు దగ్గరికే పోయింది! మిగిలినవాళ్లని మేం స్కూలు గ్రౌండుకి తీసుకెళ్లాం. అదేమో గెడ్డ పక్కన పల్లంలో ఉంది, పైగా ఆ వేళ గాలి ఫ్యాక్టరీ మీదుగా సరిగ్గా అటే కొడుతోంది. మాతో ఉన్న డిగ్రీ అమ్మాయి "సార్, క్లోరిన్ గాలి కంటే బరువు కదా, పల్లంలోకే దిగుతుంది కదా" అంటే, డ్రిల్ చేయించడానికి వచ్చినాయన "ప్లాన్‌లో ఇదే ఉందమ్మా" అని ఫొటోకి నిలబడ్డాడు. పక్షవాతంతో మంచాన ఉన్న మా వీధి తాతగారి ఇంటివైపు ఎవరూ వెళ్లలేదు, ఆయన పేరు లిస్టులో లేదట.

రూల్స్ లేక కాదు. ఫ్యాక్టరీ బయట జనం కోసం వేసిన ప్లాన్‌కి ఏడాదికోసారైనా రిహార్సల్ జరగాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లోనే ఉంది. జరుగుతోంది కూడా, ఇదిగో ఇలా. విశాఖ వెంకటాపురంలో 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది తెల్లవారుజామున, ఊరంతా నిద్రలో ఉండగా. సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. లేచి పరిగెత్తినవాళ్లు రోడ్డు మీదే కుప్పకూలారు. మరి డ్రిల్ పగలు ఎందుకండీ? ఒక్కసారి రాత్రి రెండింటికి పెట్టి చూడండి, ఎవరి ట్రైనింగ్ ఎంతో తెలిసిపోతుంది. మా వైపు ట్రైనింగంటే తుఫానే, తాళ్లు, లైఫ్ జాకెట్లు. గ్యాస్ మాటే రాదు.

నా లెక్కలో వాలంటీరుకి పది ఇళ్లు చాలు. వాటిలో నడవలేనివాళ్లెవరో, బాలింతలెవరో, తలుపు కొట్టినా వినపడనివాళ్లెవరో నోటికి రావాలి. వాటర్ ట్యాంకు మీద ఒక గుడ్డ జెండా కట్టండి, గాలి తెలుస్తుంది. గ్యాస్ వచ్చే దారికి అడ్డంగా, పక్కకి, మెరక వైపు జనాన్ని నడిపించాలి. గాలి వాలుకి పరిగెడితే గ్యాస్ వెంటే వస్తుంది. దారులు రెండు వైపులా చూసి పెట్టుకోండి, ఒకటి ఎలాగూ లారీలతో నిండి ఉంటుంది (మా బైపాస్ సంగతి చెప్పక్కర్లేదు). ఆటోలున్నవాళ్ల నంబర్లు ఇప్పుడే తీసుకోండి, 108 వచ్చేలోపు మనకి వాళ్లే దిక్కు.