చప్పట్లతో మొదలుపెట్టండి

ప్రశ్న: గాజువాక దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. వచ్చే నెల స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో పాతికమంది సైన్సు టీచర్లకు ఫోను, ట్యాబు వాడి 6, 7, 8 తరగతుల పాఠాలు చెప్పడం నేర్పే పని నాకు అప్పగించారు. సగంమంది నాకంటే సీనియర్లు. ‘వాట్సాప్ తప్ప మాకేం రాదమ్మా’ అంటున్నారు. అరవై స్లైడ్లు తయారుచేశాను. అయినా టెన్షన్‌గా ఉంది.
– ఓ టీచరు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ స్లైడ్లు పక్కన పెట్టేయండమ్మా. నేనూ ఒకప్పుడు మద్దిలపాలెంలో ఇలాంటి ట్రైనింగుకి స్లైడ్లతోనే వెళ్లాను. పదిహేనో స్లైడు వచ్చేసరికి వెనక బెంచీల్లో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దేసుకుంటున్నారు. వాళ్ల తప్పు కాదు, పేపర్లు దిద్దడం కూడా పనే కదా!

మధ్యాహ్నం దారి మార్చాను. ఎనిమిదో తరగతి ధ్వని పాఠం తీశాను. ఫిఫాక్స్ (phyphox) అనే ఉచిత యాప్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో తెచ్చారు. ఒకసారి వేసుకుంటే ఇంటర్నెట్ అక్కర్లేదు. అందులో శబ్దానికి మొదలై, మళ్లీ శబ్దానికి ఆగే స్టాప్‌వాచ్ ఉంటుంది. రెండు ఫోన్లను 5 మీటర్ల దూరంలో పెట్టాలి. మొదటి ఫోను పక్కనున్నవాళ్లు చప్పట్లు కొడితే రెండూ మొదలవుతాయి, రెండో ఫోను పక్కనున్నవాళ్లు కొడితే రెండూ ఆగుతాయి. రెండింటి సమయాల తేడా ధ్వని 10 మీటర్లు (పోను 5, రాను 5) వెళ్లడానికి పట్టిన కాలం. మన విశాఖ ఎండకి, అంటే 30 డిగ్రీల దగ్గర, అది దాదాపు 0.029 సెకన్లు రావాలి, అంటే ధ్వని వేగం సెకనుకి 350 మీటర్ల దగ్గర.

రాలేదు! అందరూ ఒకే గదిలో ఉండటంతో ఒకరి చప్పట్లకి పది ఫోన్లు మొదలైపోయాయి. మిగిలినవి ఫ్యాను శబ్దానికి, రోడ్డు మీద ఆటో హారనుకి. జట్లను వరండా మూలలకీ, చెట్టు కిందకీ పంపి, ఎంత పెద్ద శబ్దానికి స్పందించాలో యాప్‌లో పెంచుకున్నాం. అయినా ఒక జట్టుకి సెకనుకి 290 మీటర్లు, ఇంకో జట్టుకి 410. పొద్దుట్నుంచి నోరు విప్పని ఓ పెద్ద మాస్టారు అప్పుడు లేచి, ‘దూరం అడుగులతో కొలిచారేంటి? టేపు తెండి’ అన్నారు. టేపుతో కొలిచి, ఐదేసిసార్లు చేసి సగటు తీస్తే 350 దరిదాపుల్లోకి వచ్చింది.

మీ సీనియర్లకి ప్రయోగం రాక కాదు, తెర మీద ఏది నొక్కితే ఏం పోతుందోనని భయం. వాళ్ల పక్కన చిన్నవాళ్లను కూర్చోబెట్టండి కానీ ఫోను మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ‘ఇలా ఇవ్వండి సార్, నేను చేస్తా’ అనే మాటే వినిపించకూడదు.

యాప్ ఇంటి దగ్గరే వేసుకు రమ్మనండి, పాతికమందీ ఒక్క హాట్‌స్పాట్ మీద పడితే పొద్దు గడిచిపోతుంది. ధ్వనికి కావలసిన మైకు ఏ ఫోనుకైనా ఉంటుంది గానీ, అయస్కాంతాల పాఠం కూడా చేయిద్దామంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సరు కొన్ని చవక ఫోన్లలో ఉండదు, ముందే చూసుకోండి. ఉన్నవాళ్లయినా అయస్కాంతంతో మూసుకునే పర్సు కవరు తీసేయాలి, లేకపోతే లెక్కలన్నీ తప్పులే.

ట్రైనింగయ్యాక వారంలోపు ప్రతి ఒక్కరూ తమ తరగతిలో ఇదే ప్రయోగం చేసి, పిల్లలు రాసిన అంకెల ఫొటో గ్రూపులో పెట్టాలని చెప్పండి. వాట్సాప్ వచ్చన్నారుగా!

అన్నట్టు, ఆ రోజు హాల్లో మైకు పెట్టించుకోకండి. మీ నమస్కారానికే స్టాప్‌వాచ్‌లన్నీ మొదలైపోతాయి.